శాంథోం పాదిరీలు, చెన్నపట్నపు ముచ్చట్లు

కోరమాండల్ తీరంలో క్రైస్తవ గురువులు శతాబ్దాల తరబడి రాసి విడిచిన కాగితాలలోంచి ప్రసంగాలను, ప్రార్థనలను, పరమత ఖండనలను తీసి పక్కన పెడితే ఇంకా కొంత సరుకు మిగులుతుంది. అంగడి బేరాలు, పెళ్ళి ఊరేగింపులు, రేవుకు చేరిన ఓడల కబుర్లు, నవాబుల కొట్లాటలు, తోటి గురువుల మీద విసిరిన చమత్కారాలు అందులో కనిపిస్తాయి. మత చరిత్రకారులు ఈ మిగులును అనుబంధంగానే చూశారు గాని, ఈనాటి పాఠకుడు ఆ గ్రంథరాశిలో ఆగి చదివేది చాలావరకు ఈ భాగాన్నే. మైలాపూరు కేంద్రంగా సాగిన ఈ రాతలలో గమనించవలసిన విశేషం ఒకటుంది. వీటిలో ఏదీ వినోదం పంచాలనే సంకల్పంతో పుట్టలేదు. ఒకటి విచారణలో ఇచ్చిన వాంగ్మూలంగా, ఒకటి పైవారికి పంపిన నివేదికగా, అన్నిటికన్నా ఎక్కువగా కొత్త భాష నేర్చుకొనేవారికి పాఠంగా పుట్టి, తమకు తెలియకుండానే నవ్వును, లోకవృత్తాన్ని మోసుకొచ్చాయి.

పాదిరీ అన్న మాట పోర్చుగీసుల వెంట ఈ తీరానికి వచ్చి, తెలుగు, తమిళ వాడుకలలో కలిసిపోయి, కాథలిక్కు గురువుకూ ప్రొటెస్టెంటు బోధకుడికీ సమానంగా చెల్లుతూ వచ్చింది. క్రీస్తు శిష్యుడైన తోమాసు సమాధి మైలాపూరులో ఉందన్న ప్రాచీన విశ్వాసాన్ని పట్టుకొని పోర్చుగీసులు 1520లలో అక్కడ తవ్వకం జరిపి, పాత గుడిని బాగుచేసి, దాని చుట్టూ శాంథోం అనే పట్టణాన్ని కట్టుకున్నారు. కపాలీశ్వరుని గుడికి పేరుపొందిన ఊరి పక్కనే, సముద్రపు అంచున వెలసిన ఈ పట్టణం వర్తకులకు రేవు, యాత్రికులకు క్షేత్రం, గోవాలో పొసగనివారికి తలదాచుకొనే చోటు కూడా అయింది. 1559లో విజయనగరపు అళియ రామరాయలు దీని మీదికి వచ్చి పౌరుల దగ్గర సొమ్ము రాబట్టాడు. 1606లో ఇది మేత్రాసన పీఠమైంది, అంటే ఒక బిషప్పు అధికారంలోని మత మండలానికి ముఖ్యపట్టణమైంది. 1662లో గోల్కొండ వశమైంది. 1672 నుంచి రెండేళ్ళు ఫ్రెంచివారు పట్టుకున్నారు. 1749లో ఇంగ్లీషువారు తమ చెన్నపట్నంలో కలుపుకున్నారు. ఇన్ని చేతులు మారిన ఊరిలో ఉన్న పాదిరీకి వర్తమాన విషయాలు పట్టకుండా ఉండడం సాధ్యమయ్యే పని కాదు.

ఆ వరుసలో మొదటగా చెప్పుకోదగినవాడు 1540లలో శాంథోం గుడికి వికారి, అనగా ఆ గుడి పరిధిలోని భక్తుల బాగోగులు చూసే గురువు, అయిన గాస్పర్ కొయెల్యో. తెలుగు కాథలిక్కులు ఫ్రాన్సిస్ శౌరి అని పిలుచుకొనే ఫ్రాన్సిస్ జేవియర్ 1545లో తూర్పు దీవులకు వెళ్ళాలా వద్దా అన్న సంశయంతో మైలాపూరు చేరి, సుమారు నాలుగు నెలలు కొయెల్యో ఇంటనే బస చేశాడు. రాత్రివేళ అతడు నిద్ర మాని తోట దాటి తోమాసు గుడిలోకి పోయి ప్రార్థన చేసేవాడు. ఆ తోటలో దయ్యాలుంటాయి, ఒంటరిగా వెళ్ళవద్దని కొయెల్యో హెచ్చరించినా వినలేదు. ఒక రాత్రి గుడిలో అతనికి దెబ్బలు తగిలాయని, దేవమాతను సాయం అడుగుతూ పెట్టిన కేక బయటికి వినిపించిందని, తర్వాత రెండు రోజులు అతడు మంచం పట్టాడని వృత్తాంతం. దయ్యాల సంగతి భక్తులకు వదిలిపెట్టినా, ఆ తర్వాత జరిగినది ఆసక్తికరమైనది. రాత్రి వినిపించిన ఆ మొరను కొయెల్యో పగటిపూట అతిథి ఎదుటే నవ్వుతూ వల్లించేవాడు, రాత్రిపూట అటు వెళ్ళవద్దని చెప్పలేదా అని ఎత్తిపొడిచేవాడు. జేవియర్ ముఖం ఎర్రబడి చిరునవ్వుతో ఊరుకొనేవాడు. జేవియర్ మరణానంతరం పోర్చుగల్ రాజు ఆజ్ఞతో అతని పవిత్రత గురించి సాక్ష్యాలు సేకరించినప్పుడు కొయెల్యో ఇచ్చిన వాంగ్మూలం వల్ల ఈ సంగతి లోకానికి తెలిసింది. పునీతుడని నిరూపించడానికి నడిచిన ఆ గంభీరమైన విచారణలో ఒక ఊరి గురువు తన వేళాకోళాన్ని దాచకుండా చెప్పడం, లేఖకుడు దానిని కొట్టివేయకుండా రాసుకోవడం రెండూ మెచ్చదగినవే. జేవియర్ చేసిన అద్భుతాలను గురించి వెలువడిన గ్రంథాలకు లెక్కలేదు. అతడు సిగ్గుపడిన సందర్భం చెప్పే వాక్యాలు చాలా తక్కువ.

ఒక శతాబ్దం తిరిగేసరికి అదే ఊరిలో పాదిరీ నోటి మాట ఎంత ప్రమాదకరమైనదో కపూచిన్ గురువు ఎఫ్రాయిం ద నెవేర్ ఉదంతం చెబుతుంది. కపూచిన్లు అనేవారు ఫ్రాన్సిస్ అస్సీసి మార్గంలోని ఒక సన్యాసి సంఘం. ఈ ఫ్రెంచి గురువు 1642లో చెన్నపట్నం చేరినప్పుడు, అక్కడి కోటలోని ఇంగ్లీషు వర్తకులు తమ మతం వేరైనా, శాంథోం నుంచి వలస వస్తున్న పోర్చుగీసు కుటుంబాలను నిలుపుకోవడానికి ఒక కాథలిక్కు గురువు ఉండడం లాభమని గ్రహించి అతనిని ఉండనిచ్చారు. పలు భాషలు తెలిసి, ఇంగ్లీషువారితోనూ పోర్చుగీసులతోనూ వారివారి భాషలలోనే మాట్లాడగల ఎఫ్రాయిం వల్ల శాంథోం జనం చెన్నపట్నానికి తరలిపోవడం అక్కడి పెద్దలకు కంటగింపు అయింది. 1649లో తగవు తీర్చే నెపంతో అతనిని మైలాపూరుకు పిలిపించి, పట్టుకొని, గోవాలోని మతవిచారణ చెరసాలకు పంపారు. ఆరోపణలు అతడు ప్రసంగాలలో పలికిన మాటల మీదనే. అతని విడుదలకు తోడ్పడినవారిలో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా ఉన్నాడని, అతడు శాంథోం మీద ఒత్తిడి పెట్టాడని వజ్రాల వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథంలో చెప్పాడు. ఒక క్రైస్తవ గురువును క్రైస్తవుల చెర నుంచి తప్పించడానికి ముస్లిం సేనాని పూనుకోవడం ఆనాటి రాజకీయంలో అంత వింతగా తోచి ఉండదు. రేవు పట్టణాలలో మతం కన్నా సుంకం ముందు నడిచేది. ఏమైనా తర్వాతి తరాల పాదిరీలు ఊరి సంగతులను పీఠం మీద నుంచి పలకడం కన్నా కాగితం మీద పెట్టి దూరదేశానికి పంపడమే క్షేమమని గ్రహించినట్టు కనిపిస్తుంది.

ఆ కాగితాలు రెండు ప్రవాహాలుగా సాగాయి. ఒకటి ఫ్రాన్సులో 1702 నుంచి 1776 దాకా ముప్పై నాలుగు సంపుటాలుగా వెలువడిన జెస్యూట్ అనే కాథలిక్కు సంఘపు గురువుల లేఖలు; రెండవది జర్మనీలోని హాలె పట్టణం నుంచి 1710 మొదలుకొని 1772 వరకు అచ్చయిన లూథరన్ బోధకుల నివేదికలు. మొదటిదానిలో కర్ణాటక మిషను పేరుతో వచ్చే లేఖలు నిజానికి చాలావరకు తెలుగు నేల గురించినవి. ఫ్రెంచి జెస్యూట్లు పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల సన్యాసి వేషంలో, శాకాహారులై బతుకుతూ, పాలెగాళ్ళ తగాదాలను, కరవును, దండు కదలికలను పారిస్‌కు రాసేవారు. వారిలో తెలుగు బాగా నేర్చి నిఘంటు రచనకు పూనుకొన్న గాస్తోఁ కేర్దూ 1742 జనవరిలో రాసిన లేఖ ప్రత్యేకించి పేర్కొనదగినది. తన దగ్గర మతం పుచ్చుకొన్న అద్దకపు పనివారిని అడిగి తెలుసుకొని, గుడ్డను కరక్కాయ కషాయంలోనూ గేదెపాలలోనూ నానవేయడం దగ్గర నుంచి, ఇనుప ద్రావకంతో నల్ల గీత గీయడం, మైనం పూసి నీలిమందులో ముంచడం, చిరివేరుతో ఎరుపు తేల్చడం వరకు కలంకారీ పనిని అంచెలంచెలుగా అందులో వర్ణించాడు. ఫ్రెంచి అద్దకపు పరిశ్రమకు ఉపయోగపడాలన్నదే ఆ లేఖ ఉద్దేశమని చెప్పకతప్పదు. అయినా ఆత్మల రక్షణకు వచ్చిన గురువు పనివాడి పక్కన కూర్చుని ఏ నీటికి ఏ రంగు నిలుస్తుందో శ్రద్ధగా విన్నాడన్నది కూడా నిజమే. హాలె నివేదికలలో దినచర్యలు అచ్చయ్యేవి. వీధిలో ఎదురైనవారితో జరిగిన మాటామంతీ, వాన, జ్వరం, రేవు వార్త అన్నీ తేదీలవారీగా వాటిలోకి ఎక్కేవి.

నవ్వించడంలో వీరందరినీ మించినవాడు ఇటలీ జెస్యూట్ కొన్‌స్తంజో బెస్కీ. 1680లో పుట్టి, 1710 ప్రాంతంలో దక్షిణదేశం చేరి, వీరమామునివర్ అన్న పేరుతో తమిళ సాహిత్యంలో స్థానం సంపాదించుకొన్న ఇతని విగ్రహం 1968లో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా మైలాపూరుకు దగ్గరలోనే మెరీనా తీరాన నిలిచింది. తేంబావణి అనే మహాకావ్యం అతని కీర్తికి ఆధారమని తమిళ పండితులు చెబుతారు గాని, సామాన్య జనం నోట నిలిచినది పరమార్థ గురువు కథ. ఒక తెలివితక్కువ గురువు, మట్టి, మడయన్, పేదై, మిలేచ్ఛన్, మూడన్ అనే పేర్లు గల అయిదుగురు శిష్యులు. ఆ అయిదు పేర్లకూ అర్థం ఇంచుమించు మందబుద్ధి అనే. బెస్కీ దీనిని తన తమిళ లాటిన్ నిఘంటువుకు తోడుగా, లాటిన్ అనువాదంతో సహా, కొత్తగా వచ్చే గురువులు వాడుక తమిళం నేర్చుకొనేందుకు కూర్చాడు. పాఠ్యపుస్తకంగా రాసినది కావడం చేతనే అందులోని వచనం బరువు లేకుండా, ఎద్దు అద్దె, గుర్రం బేరం, దారి ప్రయాణం వంటి నిత్యవ్యవహారాల చుట్టూ తిరుగుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ కథలు పరిచయం చేయనక్కరలేదు. నది నిద్రపోతోందో మేలుకొని ఉందో కొరివితో పరీక్షించడం, ఏరు దాటాక తనను తాను లెక్కలో వదిలేసి ఒకడు తగ్గాడని ఏడవడం పరమానందయ్య శిష్యుల పేరుతో తెలుగునాట ప్రసిద్ధాలు. 1966లో వాటి మీద సినిమా కూడా వచ్చింది. లెక్క తప్పే మూర్ఖుల కథ ఇంగ్లండులో గోథం అనే పల్లెవాసుల మీద ఉన్నదంటే అది ఏ ఒక్కరి సొత్తూ కాదని తేలుతుంది. బెస్కీ చేతి పని కనిపించేది మరొక ఘట్టంలో. దారిలో గుర్రం మీద నుంచి జారినవాటిని ఏరి తీయడంలో శిష్యులు చేసిన అతికి విసిగి, ఏమేమి ఎత్తాలో గురువు ఒక చీటీ రాసి ఇస్తాడు; చివరకు గురువే గుంటలో పడితే, చీటీలో ఆయన పేరు లేదు గనుక శిష్యులు తక్కినవన్నీ ఎత్తి ఆయనను వదిలిపెడతారు, ఆయన పడినచోట నుంచే తన పేరు కూడా చేర్చి రాసి ఇవ్వవలసి వస్తుంది. ఈ కథలు హిందూ మఠాధిపతుల మీద వ్యంగ్యమని కొందరు వ్యాఖ్యానించారు. అయితే తాను కూడా గురువుగా వ్యవహరించబడుతూ, ఉపదేశులనే సహాయకులను వెంటబెట్టుకొని, గోవా నుంచీ రోము నుంచీ వచ్చే లిఖితపూర్వక ఆజ్ఞల కింద బతికిన మనిషి రాసిన ఈ చీటీ కథను పరాయివారి మీదికి మాత్రమే నెట్టడం కష్టం. 1822లో దీనిని ఇంగ్లీషు అనువాదంతో లండనులో అచ్చువేసినవాడు మద్రాసు కొలువులో కొంతకాలం పనిచేసిన బెంజమిన్ బాబింగ్టన్. ఇతడే తర్వాత వైద్యుడై మనిషి గొంతులోకి చూసే పరికరాన్ని కనిపెట్టాడు. 1826లో అబ్బే దుబోయి, హిందువుల ఆచారాల మీద గ్రంథం రాసిన ఫ్రెంచి గురువు, తన పంచతంత్రం అనువాదంతో పాటు ఈ కథలను ఫ్రెంచిలో ప్రకటించాడు.

బెస్కీ తన వాదగ్రంథాలలో తీవ్రంగా తలపడినది డేనిష్‌వారి స్థావరమైన తరంగంబాడిలోని లూథరన్ బోధకులతో. ఆ లూథరన్లలో ఒకడైన బెంజమిన్ షుల్జ్, 1689లో జర్మనీలో పుట్టి, 1719లో తరంగంబాడి చేరి, సహచరులతో పొసగక 1726లో చెన్నపట్నానికి వచ్చేశాడు. ఈ వలస తెలుగు భాషా చరిత్రకు అనుకోని మేలు చేసింది. తరంగంబాడిలో తమిళంతో పని జరిగేది. చెన్నపట్నంలో ఈస్టిండియా కంపెనీతో సరుకు బేరాలు నడిపే కోమట్లు, బేరిసెట్లు, బలిజలు, దుబాసీలు, అంటే వర్తకుల మధ్య మాట చేరవేసే ద్విభాషులు, ఎక్కువగా తెలుగువారు. షుల్జ్ తెలుగు నేర్చి, లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాసి, బైబిలును తెలుగులోకి తిప్పాడు. ఆ వ్యాకరణం 1984 దాకా, బైబిలు ఏనాడూ అచ్చు కాలేదు. 1743లో అతడు జర్మనీకి తిరిగిపోయిన తర్వాత 1746, 1747 సంవత్సరాలలో హాలెలో అచ్చువేయించిన చిన్న మతగ్రంథాలు తెలుగు లిపిలో ముద్రితమైన తొలి పుస్తకాలుగా గుర్తింపు పొందాయి. గ్రంథాలయ చరిత్రలలో వాటికి అగ్రతాంబూలం దక్కుతుంది; వాటిని చదివేవారు మాత్రం అరుదు.

షుల్జ్ రచనలలో చదివించే గుణం ఉన్నది 1750లో హాలెలోనే ఇంగ్లీషులో వెలువడిన చెన్నపట్నం సంభాషణలకు. దీని ముఖపత్రం నిడివి చూస్తే ఆనాటి పుస్తక వర్తకం తీరు అర్థమవుతుంది. ఈస్టిండీస్‌లో ఇంగ్లీషు జాతి వారి పెద్ద పేరున్న పట్టణం చెన్నపట్నం అని మొదలుపెట్టి, అక్కడి తురకలు, బ్రాహ్మణులు, జెంతూలు, మలబారీల స్వభావం, నడవడి, భక్తి, ప్రభుత్వం, దుస్తులు, ఇళ్ళు, తిండి, వినోదాలు, రోగాలు, అంత్యక్రియలు, ఓడ వర్తకం వరకు ఏకరువు పెట్టి, ఇవన్నీ ముప్పై సంభాషణలలో చెప్పినట్టు, వాటిని మొదట ఆ ఊరి జనం భాషలోనే రాసి తర్వాత రచయిత తానే ఇంగ్లీషు చేసినట్టు ఆ పత్రం ప్రకటిస్తుంది. జెంతూలు అంటే ఆనాటి ఐరోపా వాడుకలో తెలుగువారు, మలబారీలు అంటే ఇక్కడి సందర్భంలో తమిళులు. ఆ ఊరి జనం భాష అని చెప్పినది వడుగు, అనగా తమిళులు తెలుగుకు పెట్టిన పేరు. ఒక యూరపు పాదిరీ ఒక దక్షిణదేశపు నగరం దినచర్యను తెలుగు మాటల్లో పట్టి చూపడానికి చేసిన తొలి ప్రయత్నాలలో ఇది లెక్కకు వస్తుంది.

ఈ పుస్తకంలోని వింత రచయిత మతాన్ని బట్టి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. హాలె పట్టణం పైటిజం అనే భక్తి ఉద్యమానికి కోట. అంతరంగ పరివర్తన, క్రమశిక్షణ, అనాథ విద్యార్థుల పోషణ దాని ముఖ్య లక్షణాలు, నాటకాలు, నాట్యాలు దానికి నిషిద్ధాలు. పుస్తకం అచ్చయినది కూడా ఆ ఉద్యమం నడిపిన అనాథశరణాలయం కోసమే. అటువంటి శిక్షణలో పెరిగిన బోధకుడు ఊరివారి వినోదాల గురించి, వంటల గురించి, వేషాల గురించి మాట్లాడించడానికి కారణం మనసు మెత్తబడడం కాదు, అవసరం. పరభాషలో దేవుని గురించి వాదించగలిగినవాడు కూడా అంగడిలో బియ్యం అడగలేకపోతే ఆ భాష రానట్టే. అందుకే ఐరోపాలో లాటిన్ నేర్పడానికి సంభాషణల పుస్తకాలు రాసే సంప్రదాయం ఏనాటి నుంచో ఉంది. గురుపట్టం పుచ్చుకొన్న ఎరాస్మస్ పేరుతో 1518లో వెలువడిన సంభాషణలు విద్యార్థుల అభ్యాసంగా మొదలై, సత్రాల మురికి, సన్యాసుల పేరాశ, యాత్రికుల అమాయకత్వం మీద హాస్యంగా పెరిగాయి. షుల్జ్‌కు ఎరాస్మస్ చురుకుదనం లేదు, బెస్కీ కథనశక్తి అంతకన్నా లేదు. కానీ సంభాషణ అనే రూపమే అతనిచేత ఎదుటివాడికి నోరు ఇప్పించింది. ప్రసంగంలో వినేవాడు మౌనంగా ఉంటాడు. సంభాషణలో ఎంత పట్టుదల గల బోధకుడైనా రెండో మనిషికి జవాబు రాయక తప్పదు, ఆ జవాబు ఊరి మనిషి చెప్పేలాగే ఉండకా తప్పదు.

ఇక్కడ భాష విషయంలో ఒక మాట చెప్పుకోవలసి ఉంది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం నడపడానికి నూటయాభై ఏళ్ళకు ముందే షుల్జ్ నోటి తెలుగును కాగితానికి ఎక్కించాడంటే, దానిని సిద్ధాంతంగా పొగడడం పొరపాటు. గ్రాంథికం నేర్పేవారు అతనికి అందుబాటులో ఉన్నా, అతని శ్రోతలకు అది పనికివచ్చేది కాదు. మోక్షానికి కొంచు పొయ్యే దోవ అని అతని చిన్న పుస్తకానికి ఉన్న పేరే అందుకు సాక్ష్యం. పండితుడెవడూ ముఖపత్రం మీద ఉంచడానికి ఒప్పుకోని ఆ మాటలు చెన్నపట్నపు వీధిలో ఎవరికీ వివరించనవసరం లేనివి.

షుల్జ్ సంభాషణలు అచ్చయ్యేనాటికి అవి వర్ణించిన ఊరు తలకిందులైంది. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నం పట్టుకున్నారు, 1749లో సంధి ప్రకారం తిరిగి ఇచ్చారు. ఆ సందున మైలాపూరు కూడా ఫ్రెంచివారి పాలవుతుందేమోనని శంకించిన ఇంగ్లీషు నౌకాధిపతి బోస్కవెన్ 1749 అక్టోబరులో శాంథోంను ఆక్రమించి, ఫ్రెంచి గవర్నరు డూప్లేకు బంధువై అతని తరఫున అక్కడ అధికారం చేస్తున్న అంతోనియో నొరోన్యా అనే పాదిరీని పట్టుకొని ఇంగ్లండుకు పంపాడు. వర్తమాన వ్యవహారాల మీద పాదిరీకి ఉన్న ఆసక్తి ఇక్కడ ముచ్చట స్థాయిని దాటి గూఢచర్యం ఆరోపణ దాకా వెళ్ళింది. ఆ కోపం తక్కిన కాథలిక్కు గురువుల మీదికి మళ్ళి, కోటలోని వారి గుడి పోయింది, వేపేరిలోని మరో గుడి లూథరన్ల చేతికి వచ్చింది. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళై దినచర్యలో కనిపించే ఈ సంవత్సరాల కలవరం చదివితే, ఊరి సంగతులు రాసే పాదిరీని ఏలినవారు ఎందుకు అనుమానంగా చూసేవారో తెలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం నాటికి ఈ రాతలకు కొత్త ఇల్లు పత్రిక. యాళ్ళపాణంలో (జాఫ్నాలో) మెథడిస్టు బోధకుడుగా తమిళ పండితుడు ఆరుముగ నావలర్ తోడ్పాటుతో తమిళ బైబిలు సవరణ చేసి, తర్వాత ఆంగ్లికన్ శాఖలో చేరి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో దేశభాషలు చెప్పిన రెవరెండు పీటర్ పెర్సివల్ 1855లో తమిళంలోనూ, 1860లలో తెలుగులోనూ దినవర్తమాని అనే పత్రిక నడిపాడు. పేరు దినవర్తమాని, రావడం మాత్రం వారానికొకసారి. ఇతడు కూడా నిఘంటుకారుడే. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1862లో ప్రకటించాడు, అంతకుముందే తమిళ సామెతలను పెద్దమొత్తంలో పోగుచేసి అచ్చువేశాడు. డేనిష్ బోధకుడు హెర్మన్ యెన్సెన్ 1897లో మద్రాసులో మరొక సామెతల సంపుటం తెచ్చాడు. అత్తాకోడళ్ళ మీద, కరణం మీద, పూజారి మీద జనం విసురుకొనే సామెతలను పాదిరీలు ఇంత శ్రమతో ఎందుకు ఏరారంటే, సామెత లేని ప్రసంగం పల్లెలో ఎవరూ వినరని వారికి అనుభవం మీద తెలిసింది. ప్రసంగాల కోసం ఏరిన సామెతలు మిగిలాయి, ప్రసంగాలు వినేవారితోనే పోయాయి.

ఇంతలో మైలాపూరు రూపం మారింది. బిషప్పు రీడ్ ద సిల్వా కాలంలో పాత గుడిని తీసివేసి కట్టిన గోథిక్ దేవాలయం 1896లో ప్రతిష్ఠితమైంది. బెల్జియం జెస్యూట్ హోస్టెన్ 1920లలో అక్కడి పాత రాళ్ళను పరిశీలించి రాసిన పుస్తకం 1936లో వచ్చింది. 1952లో మైలాపూరు పీఠాన్ని మద్రాసు పీఠంతో కలిపివేశారు. తెలుగువారి లోకవృత్త రచన మాత్రం అప్పటికే పాదిరీల చేయి దాటిపోయింది. పానుగంటి లక్ష్మీనరసింహారావు 1913లో సువర్ణలేఖలో మొదలుపెట్టి, 1920 తర్వాత ఆంధ్రపత్రికలో కొనసాగించిన సాక్షి వ్యాసాలు వారం వారం ఊరివారి నడతను, పెళ్ళిళ్ళ ఆర్భాటాన్ని, సభల డంబాన్ని ఎగతాళి చేస్తూ ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఆ పత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం మైలాపూరులో పోర్చుగీసుల పాత గుడి పేరు మోసే లజ్ చర్చి రోడ్డు మీద ఉన్న శ్రీబాగ్; 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల ఒడంబడిక జరిగినది ఆ ఇంటనే.

సాక్షికి నమూనా 1711లో లండనులో అడిసన్, స్టీల్ వెలువరించిన స్పెక్టేటర్. అది హాలె నివేదికలు మొదలైన మరుసటి ఏడే. స్పెక్టేటర్ ఒక ఊహా సంఘాన్ని కల్పించి, అందులో పల్లె జమీందారు, వర్తకుడు, సైనికుడు మొదలైనవారితో పాటు ఒక మతగురువును కూడా చేర్చింది. అయితే అతని ఆరోగ్యం అంతంతమాత్రం కనుక సమావేశాలకు అరుదుగా వస్తాడని చెప్పింది. పానుగంటి సాక్షి సంఘంలో జంఘాలశాస్త్రి, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి ఉన్నారు, పేరులోనే ఆచార్యత్వం ఉన్న కాలాచార్యులూ ఉన్నాడు. పాదిరీకి అందులో చోటు లేదు.